క్యాండీ బఫే పెడుతున్నారా? జాడీలా, పొట్లాలా, వడ్డించే కౌంటరా అన్నది ముందు తేల్చుకోండి

మా అక్క కూతురి ఐదో పుట్టినరోజుకి క్యాండీ టేబుల్, అంటే వచ్చినవాళ్లు నచ్చిన మిఠాయిలు ఏరుకునే బఫే, నేనే సర్దాను. అదే మొదటిసారి. గులాబీ, తెలుపు రంగులు సరిగ్గా కలవాలని మూడు వారాలు వెతికి కొన్నాను. వెలుతురు బాగా పడుతుందని కిటికీ పక్కనే టేబుల్ వేశాను. ఫొటోలు చక్కగా వచ్చాయి. సాయంత్రం నాలుగింటికి పిల్లలు వరసలో నిలబడ్డారు. గమ్మీల (నమిలితే సాగే జెల్లీ మిఠాయిల) జాడీలో స్కూప్ గుచ్చి పైకి లాగితే లోపల ఉన్నవన్నీ ఒక్క ముద్దైపోయి, స్కూప్‌తో పాటు జాడీ కూడా లేచింది. పక్కన చాక్లెట్లు రేకుల్లోనే మెత్తబడి ఉన్నాయి, విప్పగానే పిల్లల వేళ్ల సందుల్లోకి కారాయి. పుట్టినరోజు పిల్ల ఒకసారి జాడీ వంక, ఒకసారి నా వంక చూసింది. ఆ చూపు నాకింకా గుర్తుంది.

ఆ తర్వాత చాలా వేడుకలకి ఈ పని చేశాను. సలహా అడిగిన వాళ్లందరికీ ఒక్కటే చెబుతాను. మనం ముందు రంగు అనుకుంటాం, ఆ రంగులో క్యాండీలు కొంటాం, వాటికి తగ్గ జాడీలు వెతుకుతాం. వచ్చినవాళ్లు వాటిని ఎలా తీసుకుంటారన్నది అన్నిటికంటే చివర గుర్తొస్తుంది. ఈ వరస తిరగేయాలి. ఎలా అందించాలో ముందు తేల్చుకుంటే ఏ క్యాండీలు పనికొస్తాయో దానంతటదే తేలుతుంది, ఎంత కొనాలో తెలుస్తుంది. రంగు సంగతి ఆఖర్న చూసుకోవచ్చు.

ముందు చూసుకోవాల్సినవి

మొదటిది వేడి, తేమ. చాక్లెట్‌లో ఉండే కోకో బటర్ 34 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిపోతుంది, మెత్తబడటం అంతకంటే చాలా ముందే మొదలవుతుంది. గమ్మీలకి ఆకారం ఇచ్చే జెలటిన్ కూడా దాదాపు మన ఒంటి వేడి దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. గదిలో హాయిగానే ఉన్నా, ఎండ తగిలే గాజు జాడీ లోపల వేడి వేరుగా ఉంటుంది. ఇక పంచదార గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి, వాన పడే రోజున మూత తీసి ఉంచిన గట్టి క్యాండీలు గంటలోనే చేతికి అంటుకోవచ్చు. వేడుక ఏ రోజన్నది అందరూ చెబుతారు. ఆ గదిలో ఆ గంటకి ఎండ ఎటు పడుతుందో మాత్రం మీరే వెళ్లి చూసుకోవాలి.

రెండోది, వచ్చేవాళ్లలో అందరికంటే చిన్నవాళ్ల వయసు. నాలుగేళ్ల లోపు పిల్లలకి గట్టి క్యాండీలు, గుండ్రటి గమ్మీలు, మార్ష్‌మాలోలు (దూదిలా మెత్తగా ఉండే మిఠాయిలు), చూయింగ్ గమ్ ఇవ్వకూడదు, గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉంది. పిల్లల డాక్టర్లు గట్టిగా చెప్పే మాట ఇది. అలాంటి పిల్లలు ఇద్దరు వస్తున్నారంటే చాలు, టేబుల్ మొత్తం వాళ్లని దృష్టిలో పెట్టుకునే వేయాలి.

మూడోది, తినకూడనివి. పల్లీలు, జీడిపప్పు, బాదం లాంటివి పడనివాళ్లు, పాలు పడనివాళ్లు ఉంటారు. లికొరిస్ పుల్లల్లో (అతిమధురం రుచి ఉండే, నమిలే మిఠాయి) గోధుమపిండి ఉంటుందని చాలామందికి తెలియదు. జెలటిన్ జంతువుల ఎముకలు, చర్మం నుంచి వస్తుంది కాబట్టి శాకాహారులు చాలా రకాల గమ్మీలు, మార్ష్‌మాలోలు తినరు. పండ్ల నుంచి తీసే పెక్టిన్‌తో చేసిన జెల్లీలు వాళ్లకి సరిపోతాయి.

నాలుగోది, ఆ రోజు మీకు సాయంగా ఎంతమంది ఉంటారు? టేబుల్ అందంగా కనిపించడం వేరు, రెండు గంటల పాటు అలాగే నిలబడటం వేరు. జాడీలు నింపడానికి, కింద పడ్డవి తుడవడానికి, ఒక జాడీ స్కూప్ ఇంకో జాడీలోకి వెళ్లకుండా చూడటానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి మీరే అయితే వేడుక మీది కాకుండా పోతుంది.

నాలుగు పద్ధతులు పక్కపక్కన

| చూడాల్సింది | జాడీల టేబుల్ | ముందే కట్టిన పొట్లాలు | వడ్డించే కౌంటర్ | కూర్చునే చోటే పళ్లెం |
|---|---|---|---|---|
| పిల్లల సరదా | చాలా ఎక్కువ | తక్కువ | ఎక్కువ | ఒక మోస్తరు |
| శుభ్రత | మనిషి కాపలా ఉంటేనే | బాగుంటుంది | బాగుంటుంది | రేపర్ ఉన్నవైతే బాగుంటుంది |
| అలర్జీ జాగ్రత్త | కష్టం | తేలిక | తేలిక | వాళ్ల పళ్లెం వరకు తేలిక |
| ముందు రోజు పని | కొంచెం | చాలా | కొంచెం | కొంచెం |
| ఆ రోజు పని | చాలా | దాదాపు లేదు | ఒకరో ఇద్దరో నిలబడాలి | కొంచెం |
| ఎంత అయిపోతుందో అంచనా | కష్టం | పక్కాగా తెలుస్తుంది | బాగానే తెలుస్తుంది | తెలుస్తుంది |
| ఎంతమందికి బాగుంటుంది | 20 నుంచి 60 | ఎంతమందికైనా | 50 నుంచి 150 | కూర్చుని తినే వేడుకలకి |

చివరి వరసలోని అంకెలు నా అనుభవంలోవి. మీ గది, మీ మనుషులను బట్టి కాస్త అటూ ఇటూ అవుతాయి.

జాడీల టేబుల్

క్యాండీ బఫే అనగానే అందరి కళ్ల ముందూ మెదిలేది ఇదే. పొడుగు జాడీలు వెనక, పొట్టివి ముందు, ఒక్కోదానిలో ఒక్కో రకం, పక్కన కాగితం కవర్లు. నచ్చినవి ఏరుకోవడంలో ఉన్న ఆనందం మిగతా పద్ధతుల్లో దొరకదు. ఏడేళ్ల పిల్లాడు తన కవర్‌లో ఏం వేసుకోవాలా అని మూడు నిమిషాలు ఆలోచిస్తూ నిలబడితే చూడాలి. ఆ మూడు నిమిషాల కోసమే నేను ఇప్పటికీ ఈ పద్ధతిని ఇష్టపడతాను.

చిక్కు కూడా అక్కడే ఉంది. నేను చూసినంతలో ఒక్కొక్కరు టేబుల్ దాటడానికి దాదాపు ఒకటిన్నర నిమిషం పడుతుంది. ఒకేసారి నలుగురు నిలబడగలిగినా, వందమంది దాటేసరికి 40 నిమిషాలు. అరవై మంది దాటితే టేబుల్‌ని గోడకి ఆనించకుండా గది మధ్యలోకి లాగి, రెండు వైపులా అవే రకాలు సర్దండి. లేదంటే కౌంటర్ పద్ధతికి మారడం మంచిది.

పల్లీలు పడని పిల్లలు వస్తున్నారంటే ఈ టేబుల్ మీద పల్లీలున్నది ఏదీ పెట్టకండి. ఒక మూల విడిగా పెడితే సరిపోతుందనుకుంటాం. కానీ పిల్లలు ఏ జాడీ స్కూప్‌ని ఆ జాడీలోనే ఉంచుతారన్న నమ్మకం లేదు. చిన్న తునక కలిసినా కొందరికి ప్రాణం మీదకు వస్తుంది.

ముందే కట్టిన పొట్లాలు

దీన్ని చాలామంది తక్కువగా చూస్తారు, నేనూ అలాగే చూసేదాన్ని. ఇప్పుడు పెద్ద వేడుకలకి మొట్టమొదట చెప్పేది ఇదే. ఒక్కో పొట్లంలో 80 నుంచి 100 గ్రాములు, మూడు నాలుగు రకాలు, పైన చీటీ మీద లోపల ఏమేం ఉన్నాయో రాయండి. పల్లీలు లేనివి ఒక రంగు రిబ్బన్‌తో, జెలటిన్ లేనివి ఇంకో రంగుతో కట్టండి. పల్లీలు లేని పొట్లాలే ముందు కట్టేయండి, మిగతావి ఆ తర్వాత. అలా చేస్తే పల్లీలు తగిలిన చేతులు, గిన్నెలు వాటికి తగలవు.

పని మాత్రం తక్కువేం కాదు. వంద పొట్లాలు కట్టాలంటే ముగ్గురు కూర్చున్నా ఒక సాయంత్రం పడుతుంది. ఇంకో సంగతి, గమ్మీలూ గట్టి క్యాండీలూ విప్పి ఒకే పొట్లంలో కలిపితే గమ్మీల తడి గట్టివాటికి పట్టి రెండూ పాడవుతాయి. రేపర్ ఉన్నవే కలపండి, లేదా వేరే చిన్న కవర్‌లో వేసి లోపల పెట్టండి.

ఏరుకునే సరదా పోతుందన్న బాధ ఉంటే మధ్యే మార్గం ఒకటుంది. ఒకే రకం ఉన్న చిన్న చిన్న కప్పులు మూత పెట్టి టేబుల్ మీద సర్దండి. ఒక్కొక్కరు మూడు కప్పులు ఏరుకోవచ్చని బోర్డు రాయండి. ఏరుకోవడం ఉంటుంది, జాడీలో చెయ్యి పెట్టడం ఉండదు.

వడ్డించే కౌంటర్

జాడీల వెనక ఒక మనిషి నిలబడి, అడిగినవి కవర్‌లో వేసి ఇస్తారు. జాడీల అందం అలాగే ఉంటుంది, స్కూప్‌లు కలవవు, వరస చకచకా కదులుతుంది. డబ్బు పెట్టి మనిషిని మాట్లాడుకోనక్కర్లేదు. ఇంట్లో పదిహేను, పదహారేళ్ల పిల్లలుంటే ఈ పని ఇష్టంగా చేస్తారు. అరగంటకి ఒకరు మారేలా చూడండి. ఎక్కువసేపు నిలబెడితే వాళ్లకి వేడుకే లేకుండా పోతుంది.

నిలబడేవాళ్లకి ముందే రెండు సంగతులు చెప్పాలి: ఏ జాడీలో ఏం పడనివి ఉన్నాయి, చిన్నపిల్లలు వస్తే ఏవి వేయకూడదు. కొన్న ప్యాకెట్లు పారేయకుండా వెనక ఉన్న పదార్థాల జాబితా ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఏ తల్లి వచ్చి అడిగినా వెంటనే చూపించవచ్చు.

కూర్చునే చోటే పళ్లెం

ఎనిమిది పదిమంది చుట్టూ కూర్చునే వేడుకల్లో ఒక్కో టేబుల్ మధ్య చిన్న పళ్లెం పెట్టడం. పెద్దవాళ్లు ఎక్కువగా ఉన్నప్పుడు, ముఖ్యంగా లేచి వరసలో నిలబడలేనివాళ్లు ఉన్నప్పుడు ఇది మంచి పద్ధతి. రేపర్ ఉన్నవే పెట్టండి. ఇంతకంటే చెప్పడానికి పెద్దగా ఏం లేదు.

ఇక జాడీల్లో ఏం వేయాలి?

*చాక్లెట్లు.* అందరూ ముందు వీటికే చెయ్యి చాపుతారు, పాడయ్యేవీ ఇవే. 15 నుంచి 18 డిగ్రీల మధ్య, తేమ లేని చోట ఉంచితే బాగుంటాయి. కరుగుతాయన్న టెన్షన్‌తో చాలామంది ఫ్రిజ్‌లో పెట్టి, నేరుగా తీసి జాడీలో పోస్తారు. చల్లటి చాక్లెట్ మీద గాలిలోని తేమ నీళ్లలా చేరి, పైన ఉన్న పంచదారని కరిగించి, ఆరిపోయాక తెల్లటి పొర మిగులుస్తుంది. తింటే ప్రమాదం లేదు, కానీ చూసినవాళ్లు బూజు అనుకుంటారు. ఫ్రిజ్‌లో పెట్టక తప్పకపోతే గాలి చొరని డబ్బాలో పెట్టండి. బయటికి తీశాక మూత తీయకుండా గది వేడికి వచ్చేదాకా ఆగండి.

*పంచదార పూత ఉన్న చిన్న చాక్లెట్లు.* కాస్త వెచ్చగా ఉండే గదికి నా ఎంపిక ఇవే. పైన ఉన్న గట్టి పెంకు లోపలి చాక్లెట్‌ని చేతికి అంటకుండా ఆపుతుంది. ఈ రకానికి చెందిన ఎం అండ్ ఎమ్స్ 1941లో అమెరికాలో మొదలైనప్పుడు, వేడి ప్రాంతాలకు వెళ్లే సైనికులకి ఇవి బాగా పనికొచ్చింది అందుకే. అన్ని రంగుల్లోనూ దొరుకుతాయి. అయితే తడి చెయ్యి తగిలితే రంగు వదులుతుంది, నీళ్ల గ్లాసులకు దూరంగా పెట్టండి.

*గమ్మీలు, జెల్లీలు.* పిల్లలకి ప్రాణం. పైన పంచదార అద్దినవి తొందరగా అంటుకోవు, నున్నగా మెరిసేవి అంటుకుంటాయి. స్కూప్ కంటే పటకారు మేలు. వెడల్పు మూతి ఉన్న పొట్టి గిన్నెలో పోస్తే పైవాటి బరువుకి కిందివి నలగవు. శాకాహారులు వస్తుంటే పెక్టిన్ రకాలే తీసుకోండి, రుచిలో పిల్లలకి తేడా తెలియదు.

*గట్టి క్యాండీలు, లాలీపాప్‌లు.* ఎండకి చెక్కుచెదరవు, తేమకి లొంగిపోతాయి. పంచదార పాకాన్ని 150 డిగ్రీల దాకా కాచి నీళ్లన్నీ లాగేసి చేస్తారు కాబట్టి, దొరికిన తేమనల్లా తిరిగి పీల్చుకుంటాయి. విడిగా పోయకుండా రేపర్‌తోనే పెట్టండి. ఆరుబయట వేడుక అయితే సగానికి సగం ఇవే ఉండాలని నా అభిప్రాయం.

*మార్ష్‌మాలోలు.* తక్కువ బరువుతో జాడీ నిండిపోతుంది, టేబుల్ నిండుగా కనిపిస్తుంది. మూత తీసి ఉంచితే అంచులు ఆరి గట్టిపడతాయి, అందుకని చివరి నిమిషంలో పోయండి.

పీచు మిఠాయి ముందే చేసి పెట్టుకునేది కాదు. గాలిలో తేమ ఉంటే నిమిషాల్లో కుంగి చిన్న ముద్దవుతుంది. యంత్రం దగ్గర పెట్టుకుని అప్పటికప్పుడు చేసి ఇవ్వగలిగితేనే పెట్టండి.

షుగర్ ఉన్నవాళ్ల కోసమని చక్కెర లేని క్యాండీలు ఒక జాడీ పెట్టడం మంచి ఆలోచనే. కానీ వాటిలో తీపి కోసం వాడే సార్బిటాల్, మాల్టిటాల్ లాంటివి ఎక్కువ తింటే విరేచనాలవుతాయి, పిల్లలకి మరీ తొందరగా. ఆ జాడీ పిల్లలకి అందని ఎత్తులో ఉండాలి. ఇంట్లో కుక్క ఉంటే జైలిటాల్ అనే తీపి పదార్థం ఉన్నవి అసలే వద్దు, అది కుక్కలకి విషం.

ఎంత కొనాలి?

కేకు, భోజనం కూడా ఉంటే మనిషికి 100 గ్రాములు. క్యాండీలే ముఖ్యమై, ఇంటికి తీసుకెళ్లడానికి కూడా ఇవ్వాలనుకుంటే 200 గ్రాములు. అంతకు మించి అవసరం పడటం నేను చూడలేదు. 50 మందికి 100 గ్రాముల లెక్కన 5 కిలోలు, రకాలు ఏడు చాలు. అన్నీ సమంగా కొనకండి. చాక్లెట్లు, గమ్మీలు కలిపి 3 కిలోలు, మిగతా 2 కిలోల్లో మిగతావన్నీ సర్దండి. పదీ పన్నెండు రకాలు పెడితే ఒక్కోటి కొద్దికొద్దిగా తగ్గి, గంట తర్వాత టేబుల్ అంతా సగం సగం జాడీలతో వెలవెలబోతుంది.

పిల్లల తల్లిదండ్రులు అడుగుతారు కాబట్టి ఇదీ తెలిసి ఉండటం మంచిది. రోజు మొత్తంలో పెద్దవాళ్లకి అదనపు చక్కెర 50 గ్రాముల లోపు ఉండాలనే లెక్క ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచనల నుంచి వచ్చింది. అందుకని నేను పిల్లలకి ఇచ్చే కవరు చిన్నదే పెడతాను. కవరు చిన్నదైతే నిండుగా కనిపిస్తుంది, పిల్లాడికి తక్కువ ఇచ్చారన్న వెలితి ఉండదు. స్కూప్ కూడా అంతే, రెండు టేబుల్ స్పూన్లు పట్టేది చాలు.

జాడీ కొలతలో చాలామంది మోసపోతారు. లీటరు జాడీలో పూత ఉన్న చిన్న చాక్లెట్లు 800 గ్రాముల పైనే పడతాయి, చిన్న మార్ష్‌మాలోలు 200 గ్రాములే పడతాయి. ఆకారాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. గుండ్రటి గోళీలను అలా పోసేస్తే జాడీలో 64 శాతం చోటే నిండుతుంది. ఎం అండ్ ఎమ్స్ లాంటి నొక్కినట్టుండే బిళ్లలు 68 శాతం దాకా నింపుతాయని అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు 2004లో చూపించారు. అంటే గుండ్రటివాటి కంటే బిళ్లలు జాడీ నింపడానికి కాస్త ఎక్కువే కొనాలి. అన్నీ కొనేముందు ఒక జాడీ నిండా బియ్యం కాకుండా అసలు క్యాండీలే ఒక ప్యాకెట్ పోసి, ఎంత ఎత్తు వచ్చిందో చూసుకోండి.

జాడీ పెద్దదై క్యాండీలు తక్కువైతే, శుభ్రంగా కడిగి ఆరబెట్టిన గ్లాసును లోపల అడుగున బోర్లించి చుట్టూ, పైన పోయండి. నిండుగా కనిపిస్తుంది. పిల్లలు స్కూప్ గుచ్చే జాడీల్లో మాత్రం గ్లాసు వద్దు, స్టీలు గిన్నె బోర్లించండి, పగలదు.

మీ వేడుకకి ఏది?

ఇంట్లో ఇరవై మంది పిల్లల పుట్టినరోజు, అందరూ ఆరేళ్లు దాటినవాళ్లు, అలర్జీలు లేవు అంటే జాడీల టేబుల్ పెట్టండి, వేరే ఆలోచన వద్దు. జాడీలు పిల్లల ఛాతీ ఎత్తుకి మించకూడదు. ఆ ఐదో పుట్టినరోజున ఒక పాప వెనక జాడీ కోసం ముందు జాడీ మీదుగా వంగితే చొక్కా అంచు తగిలి గాజు జాడీ దొర్లింది. నేల మీద పడకుండా పట్టుకోగలిగాం. అప్పటినుంచి పిల్లల టేబుల్ మీద గాజు పెట్టడం మానేశాను, మందంగా ఉండే ప్లాస్టిక్ జాడీలే వాడుతున్నాను.

అదే పుట్టినరోజుకి నాలుగేళ్ల లోపువాళ్లు కూడా వస్తుంటే పొట్లాలు చేయండి. చిన్నవాళ్ల పొట్లంలో నోట్లో కరిగిపోయే మెత్తటి చాక్లెట్ వేస్తే చాలు. తల్లిదండ్రుల చేతికే ఇవ్వండి.

రెండు వందల మంది వచ్చే పెళ్లి రిసెప్షన్‌కి ఎవరో జాడీల ఫొటో చూపించి అలాగే కావాలంటారు. ఫొటో కోసం పైన నాలుగు జాడీలు అందంగా సర్దండి, పంచడానికి ముందు వరసలో పొట్లాలు పెట్టండి. నేను చేసినవాటిలో అందరూ మెచ్చుకున్నది ఇదే.

ఆరుబయట అయితే చాక్లెట్లు వదిలేయండి, మనసు ఒప్పకపోతే పూత ఉన్నవి ఒక్క రకం చాలు. రేపర్ ఉన్న గట్టి క్యాండీలు, లాలీపాప్‌లతో కౌంటర్ నీడలో పెట్టండి. చీమల సంగతి మర్చిపోకండి. టేబుల్ నాలుగు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టే పాత పద్ధతి ఇప్పటికీ బాగా పనిచేస్తుంది, టేబుల్ గుడ్డ అంచు నేలకి తగలకుండా చూడండి.

ఆఫీసులో రోజంతా ఉండే వేడుకకి రేపర్ ఉన్నవి తప్ప ఇంకేవీ పెట్టకండి. అక్కడ కాపలా ఎవరూ ఉండరు.

మిగిలినవాటి గురించి కూడా ముందే అనుకోండి. రేపర్ ఉన్నవి డబ్బాలో వేసి పైన తేదీ రాసి పెట్టుకోవచ్చు, ఎవరికైనా ఇవ్వవచ్చు. విడిగా జాడీలో పోసి పదిమంది స్కూప్ పెట్టినవి మళ్లీ ప్యాకెట్‌లో వేయకండి. అందుకే నేను రేపర్ లేనివి ఒకేసారి పోయను, జాడీ సగానికి పోసి మిగతాది మూసిన ప్యాకెట్‌లోనే టేబుల్ కింద ఉంచి, తగ్గినప్పుడల్లా పోస్తాను. మొన్న చేసిన వేడుకలో అలా విప్పకుండా మిగిలిన ప్యాకెట్లు నాలుగు, మర్నాడు ఉదయమే ఇంకో ఇంటి టేబుల్ మీదకి వెళ్లాయి.